పచ్చలైటు పడితే శ్రుతి కలిసినట్టేనా?

ఈ వారం నా చెవులకు పట్టిన గ్రహచారం మౌత్ ఆర్గాన్. మా చెల్లెలి మనవడు సెలవులకు సాలూరు వచ్చాడు, జేబులో పది కన్నాల హోనర్ పెట్టుకుని. పొద్దున్న లేస్తే అరుగు మీద బైఠాయింపు. ఎదురుగా ఫోను, ఫోనులో అంకెలు, బాణాలు: నాలుగు ఊదు, నాలుగు పీల్చు, ఐదు ఊదు. ఏం పాటరా అంటే చెప్పలేడు, అంకెలు మాత్రం గడగడా అప్పజెప్పేస్తాడు. అది చాలదన్నట్టు శ్రుతి చూపించే ముల్లు ఒకటి. స్వరం సరిగ్గా పడితే పచ్చలైటు, తప్పితే ఎర్రలైటు. "ఎక్కడో తేడాగా ఉందిరా" అన్నాను. "పచ్చగానే ఉంది కదా తాతా, సూడు" అని ఫోను నా మొహం మీదికి తెచ్చాడు. చెవితో అడిగినదానికి కంటికి జవాబు.

కాగితం చూసి వాయించేవాళ్ళంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా మావయ్య లారీ షెడ్డు సంగతి మళ్ళీ ఎత్తుకున్నాడని విసుక్కున్నా సరే, ఎత్తుకుంటాను. సుంకి ఘాటీ దిగొచ్చిన లారీని షెడ్డులోకి రానిచ్చేముందే, రోడ్డు మీద దాని చప్పుడు విని ఏ సిలిండరు మొరాయిస్తోందో చెప్పే మేస్త్రి ఉండేవాడు అక్కడ. అనుమానం వస్తే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించేవాడు. ఆయనకు చదువు రాదు. లారీలతో బతికే ఈ ఊళ్ళో అలాంటి చెవులు వీధికొకటి ఉండేవి.

మౌత్ ఆర్గాన్‌కి మాత్రం చెవి మరీ కావాలి, ఎందుకో చెబుతాను. పది కన్నాలు, కన్నానికి రెండు రీడ్లు: ఊదితే ఒకటి పలుకుతుంది, పీలిస్తే ఇంకొకటి. సి అని చెక్కి ఉన్నది మన లెక్కలో ఒకటి శ్రుతిది. నాలుగో కన్నం ఊదితే స, పీలిస్తే రి. ఐదు ఊదితే గ, పీలిస్తే మ. ఆరు ఊదితే ప, పీలిస్తే ద. ఏడులో వరస తిరగబడుతుంది, పీలిస్తే ని, ఊదితే పై స. మొత్తం శంకరాభరణం. అందులోంచి మ, ని తీసేస్తే మోహనం, అదీ నల్లేరు మీద నడకే. మరి మన పిల్లలు మొదటిరోజు పాడే మాయామాళవగౌళ? దాని శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం ఈ వరసలో ఏ రీడుకీ లేవు. వాటిని నోటితో పుట్టించాలి. నాలుగో కన్నం పీలుస్తూ నాలుకని వెనక్కి లాగి కిందికి దించితే నోటి లోపలి ఖాళీ పెరుగుతుంది, పైనున్న రి రీడుతో కింది స రీడు కూడా కలిసి స్వరం కిందికి జారుతుంది. పిల్లలు దీన్ని బెండ్ అంటారు. రెండు రీడ్ల మధ్య ఎంత ఎడముందో దానికి ఒక అరస్వరం తక్కువగా జారుతుంది, అంతే. స, రి మధ్య ఎడం రెండు అరస్వరాలు కాబట్టి దొరికేది ఒక్కటే, శుద్ధ రిషభం. ఆరో కన్నంలో ఇలాగే శుద్ధ ధైవతం. మూడో కన్నం వేరు. అక్కడ మంద్రంలోని ప, ని ఉంటాయి, మధ్య నాలుగు అరస్వరాలు. మూడు మెట్లు దిగొచ్చు, ఏ మెట్టు మీద ఆగాలో చెప్పే గుర్తు ఏదీ ఉండదు. మంద్రంలో మామూలు ద కావాలన్నా అక్కడే ఆగాలి. గుడ్డివాడి మెట్లదారి అన్నమాట.

ఇంత కష్టపడి ఆ రి సాధించాడు గుంటడు, మెచ్చుకోవాల్సిందే. కానీ మాయామాళవగౌళలో రి కొయ్యలా నిలబడి ఉండదు, కొద్దిగా ఊగుతుంది. "కదిలించరా" అన్నాను. "కదిలితే ఎర్రగా అయిపోద్ది తాతా" అన్నాడు.

నా కోపమంతా ఆ మాట దగ్గరుంది. ముల్లుకి గమకం తప్పుగా కనిపిస్తుంది. గాంధారం సంగతీ అంతే. తంబూరాలో మంద్ర షడ్జం తీగ మీటి చెవి ఒగ్గితే, ఎవరూ మీటకుండానే అందులోంచి ఒక గాంధారం లేచొస్తుంది. ముల్లు పచ్చజెండా ఊపే గాంధారం దానికంటే 14 సెంట్లు పైన ఉంటుంది. అరస్వరం 100 సెంట్లని లెక్క, కాబట్టి తక్కువ తేడా ఏమీ కాదు. ఈ పాపం ఫోనుది కాదు, పన్నెండు స్వరాలనీ సమానంగా కోసిన మెట్ల వాయిద్యాలది. అందుకే హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో గెంటేసి 1971 దాకా దగ్గరికి రానివ్వకపోవడం న్యాయమేనని ఇదే పేజీలో వాదిస్తూ వచ్చాను. రవీంద్రుడంతటివాడు ఆ నిషేధానికి వత్తాసు పలికాడని గుర్తుచేస్తూ వచ్చాను. మౌత్ ఆర్గానూ హార్మోనియమూ ఒక్క కడుపున పుట్టినవే, రెండింటిదీ గాలికి కొట్టుకునే రీడే.

హార్మోనియం అనగానే అమ్మవారి పండగల నాటకాలు గుర్తొస్తాయి. పందిరి పక్కన, హార్మోనిస్టు కాళ్ళ దగ్గర నాకు రిజర్వు చోటుండేది. రాయబారం సీను అంటే ఒక్క కృష్ణుడు చాలడు, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వంతులవారీగా వస్తారు. ఒకాయన విజయనగరం నుంచి, ఇంకొకాయన బొబ్బిలి నుంచి. ఒకాయనది నాలుగు శ్రుతి, ఇంకొకాయనది ఐదున్నర. ఎవరూ ముందు చెప్పరు. తెర వెనకనుంచే పద్యం ఎత్తుకుంటూ వస్తారు. మొదటి అక్షరం గాల్లో ఉండగానే హార్మోనిస్టు మెల్లగా ఒక మెట్టు నొక్కేవాడు. అదే స. చప్పట్లు పడ్డాక కృష్ణుడికి ఉత్సాహం పొంగి అరస్వరం పైకి ఎక్కేసేవాడు, రెండో పద్యానికి పెట్టె మీద తెల్లమెట్లు నల్లమెట్లయ్యేవి, వేళ్ళ దారంతా మారిపోయేది. జనానికి తెలిసేదే కాదు. తెల్లవారుజామున గొంతు బొంగురుపోయి కిందికి దిగితే హార్మోనిస్టూ దిగేవాడు. నేను చూసినంతవరకు ఆయన మెట్ల వైపు చూసేవాడు కాదు, నటుడి మెడ నరాల వైపు చూసేవాడు.

సాలూరులో పుట్టి హార్మోనియాన్ని తిట్టడంలో ఇంకో చిక్కుంది. మన చిన గురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి గారు విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్పినవారు, ఘంటసాలకి గురువు. కచేరీలో తన పాటకు తానే హార్మోనియం వాయించుకునేవారు. వారి అబ్బాయి సంగీతరావు గారు మద్రాసులో ఘంటసాల పక్కన ఆ పెట్టెతోనే ఏళ్ళ తరబడి కూర్చుని, తర్వాత వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చి, నూరేళ్ళు నిండాక 2021లో వెళ్ళిపోయారు. మెట్ల పెట్టె చెవిని పాడుచేస్తుందంటే, ఈ ఇంట్లో ఎవరి చెవి పాడైందో చూపించాలి. ఘంటసాల గొంతులో గమకానికి లోటుందని ఎవరంటారు? మెట్టు మీద స్వరం కదలదు నిజమే, దాని పక్కన గొంతు కదులుతుంది. అన్నట్టు, హార్మోనియం పొడ గిట్టని విద్వాంసులు సైతం "నాది ఒకటిన్నర శ్రుతి" అంటారు. ఆ లెక్క హార్మోనియం మెట్లదే.

నా పాత మందు, "ముందు పాడు, తర్వాత వాయించు" అన్నది వీడి దగ్గర పనిచెయ్యలేదు. గొంతు మారే వయసు, స అంటే రెండు ముక్కలుగా విరుగుతోంది. కానీ బెండ్ చేసేటప్పుడు వాడి నాలుక, గొంతు కదిలే తీరు చూస్తే, పాడేవాడు చేసే పనికి దగ్గరగానే ఉంది. గొంతు కుదిరేదాకా వాడికి పాట అదేనేమో. అంకెల జోలికి పోకుండా, అదే ఫోనులో తంబూరా పెట్టమన్నాను. ఒకటి శ్రుతిలో పెట్టి శంకరాభరణం ఊదించాను. తర్వాత తంబూరాని ఐదుకి మార్చి, అవే రీడ్లతో, ఇందాకటి ప దగ్గర మొదలుపెట్టమన్నాను. హరికాంభోజి అయింది. రెండుకి మార్చి రి దగ్గర మొదలుపెడితే ఖరహరప్రియ. మనవాళ్ళ గ్రహభేదమే ఇది. అమెరికా దక్షిణాది నల్లజాతి వాద్యకారులు సి మౌత్ ఆర్గాన్ మీద జి పాటలు వాయించేది కూడా ఈ దారినే. పీల్చే కన్నాల్లో బెండ్‌లు దొరుకుతాయి కనుక అటువైపు స పెట్టుకున్నారు. గుంటడు మొదట బుర్ర గోక్కున్నాడు. అవే అంకెలు, వేరే పాట ఎలా అయిందని. ముల్లు ఈసారీ పచ్చగానే ఉంది, దానికి మాత్రం ఏ తేడా తెలియలేదు. పక్కరోజు నేను శ్రుతి మార్చి, ఏ శ్రుతో చెప్పకుండా ఇచ్చాను. కొంచెం తడుముకుని, కళ్ళు మూసుకుని, స పట్టేశాడు. తర్వాత ఫోను తీసి ముల్లుతో సరిచూసుకున్నాడు కూడా. చూసుకోనిచ్చాను.

ఇప్పుడు వాడు వాళ్ళమ్మని పోరుతున్నాడు, క్రోమాటిక్ కావాలట. పన్నెండు కన్నాలు, పక్కన మీట, నొక్కితే అరస్వరం దానంతటదే పైకి వస్తుంది, నోటితో తంటాలు ఉండవు. మా మేనకోడలు తీర్పు నాకు వదిలేసింది. చెవి ఇంకా పచ్చిగా ఉంది, మూడో కన్నంలో ఆ ద ఎక్కడుందో పట్టుకున్నాక కొందాం అనాలని ఉంది. మెట్ల పెట్టెని ఇంతసేపు వెనకేసుకొచ్చాక ఏ మొహం పెట్టుకుని అనను? ధర కనుక్కోమన్నాను. ధర విన్నాక మేనకోడలే సంక్రాంతి దాకా ఆగమంది.