వ్యాసశీర్షికలో ప్రశ్న ఎక్కడ ఉన్నది?

పాఠశాలలో వ్యాసరచన పోటీ అనగానే నల్లబల్ల మీదికి వచ్చే శీర్షిక ఒకటి ఉన్నది: "విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా?" దీనికి సమాధానం ఎట్లా వ్రాయాలో విద్యార్థికి ముందే తెలుసు. మొదటి పేజీలో విద్యుద్దీపం, టీకామందు, విమానం వస్తాయి. రెండవ పేజీలో హిరోషిమా, కాలుష్యం వస్తాయి. చివరకు "అంతా వాడేవాని చేతిలోనే ఉన్నది" అని వ్యాసం ముగుస్తుంది. దానిని పలాసలో వ్రాసినా, రాజాంలో వ్రాసినా, లండనులో వ్రాసినా ఒకటే. వ్రాసినవాడు దేనినీ పరీక్షించలేదు. కలం పట్టక ముందు ఏమనుకొన్నాడో, కలం దించిన తరువాత కూడా అదే అనుకొంటున్నాడు. ఇందుకు విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు. శీర్షికే అతనిని ఆ దారిన పంపింది.

ఒక సంగతి తెలుసునని చెప్పేవాడు దానిని ఏ ఆధారంతో చెప్తున్నాడు, ఆ ఆధారం ఎంత బరువు మోయగలదు అని విచారించేది జ్ఞానమీమాంస. ఇది పరాయి విద్య కాదు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని న్యాయశాస్త్రకారులు నాలుగు ప్రమాణాలను ఏనాడో విడదీసి చూపారు. కంటితో చూడడం, గుర్తునుబట్టి ఊహించడం, తెలిసినదానితో పోల్చడం, నమ్మదగినవాని మాట వినడం అని వాటికి స్థూలంగా అర్థం. 1968లో జెనీవాలో ఏర్పడిన ఇంటర్నేషనల్ బకలారియేట్ సంస్థ తన రెండేళ్ళ డిప్లొమా చదువులో ఈ విచారణను అందరికీ తప్పనిసరి పాఠంగా పెట్టింది. పరీక్షకు ఆ సంస్థ ఆరు శీర్షికలు ఇస్తుంది. విద్యార్థి అందులో ఒకదానిని, ఒక్క మాటైనా మార్చకుండా తీసుకొని, 1600 మాటలకు మించకుండా వ్యాసం వ్రాయవలెను. అక్కడ శీర్షికను ఎన్నుకొనడమే సగం పని. మామూలు ఉన్నత పాఠశాలలో ఆ శీర్షికను తయారుచేసే పని కూడా ఉపాధ్యాయుని మీదనే పడుతుంది. కాబట్టి మంచి శీర్షిక అంటే ఏమిటో తేల్చుకొనడం అవసరం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు తెలిసిన మూడు విషయాలతో దీనిని పరీక్షించి చూడవచ్చు.

మొదటిది బొబ్బిలి యుద్ధం. "బొబ్బిలి వీరుల త్యాగం" అని శీర్షిక ఇస్తే అందులో ప్రశ్నే లేదు. పొగడమని ఆజ్ఞ మాత్రమే ఉన్నది. 1757 జనవరి 24న విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోటను ముట్టడించాడు. ఈ కథ పిల్లలకు బుర్రకథ వలన, 1964లో వచ్చిన చలనచిత్రం వలన తెలుసు. చరిత్రకారులకు రాబర్ట్ ఆర్మ్ ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం వలన కూడా తెలుసు. ఆర్మ్ ఆ యుద్ధాన్ని కంటితో చూచినవాడు కాడు. పైగా ఫ్రెంచివారికి ప్రత్యర్థి అయిన ఇంగ్లీషు కంపెనీలో ఉద్యోగి. బుర్రకథ చెప్పేవాడు కూడా చూచినవాడు కాడు, పైగా బొబ్బిలి పక్షంవాడు. ఇద్దరిదీ శబ్దప్రమాణమే. అప్పుడు శీర్షిక ఇట్లా ఉండవచ్చు: "యుద్ధాన్ని చూడని ఇద్దరు చెప్పిన కథలలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చు?" ఇద్దరూ ఏకీభవించిన సంగతికి బలం ఎక్కువా? తన పక్షానికి నష్టం కలిగించే సంగతిని ఒకడు ఒప్పుకొంటే దానికి బలం ఎక్కువా? ఈ ప్రశ్నలు వేసుకొన్న విద్యార్థి రేపు వార్తాపత్రికను కూడా అదే కంటితో చదువుతాడు.

రెండవది అరసవల్లి. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఆ సూర్యదేవాలయంలో మార్చి 10 ప్రాంతాన, అక్టోబరు 2 ప్రాంతాన ఉదయకిరణాలు మూలవిగ్రహం పాదాలను తాకుతాయని ప్రసిద్ధి. "అరసవల్లి అద్భుతం: విజ్ఞానమా, విశ్వాసమా?" అని శీర్షిక ఇస్తే తరగతి రెండు జట్లుగా చీలి కేకలు వేసుకొంటుంది. అది విచారణ కాదు, పందెం. ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మరొక సంగతి కనిపిస్తుంది. సూర్యుడు సరిగా తూర్పున ఉదయించే విషువద్దినాలు మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాలలో వస్తాయి. మార్చి 10 మొదటిదానికి సుమారు పది రోజులు ముందున్నది. అక్టోబరు 2 రెండవదానికి సుమారు పది రోజులు వెనుకనున్నది. అంటే రెండు పర్యాయాలూ సూర్యుడు తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ద్వారాలు ఆ దిక్కుకు ఎదురుగా ఉంటే ఏడాదిలో ఒక్కసారి కాక రెండుసార్లు కిరణాలు లోపలికి రావలసిందే. ఇది అనుమానప్రమాణం. కళ్ళారా చూచిన భక్తునిది ప్రత్యక్షప్రమాణం. ఆనాడు మబ్బు పట్టితే ప్రత్యక్షం పోతుంది, అనుమానం నిలుస్తుంది. "చూడకుండా చెప్పగలిగిన దానిని, చూచి చెప్పిన దానికంటె గట్టి జ్ఞానం అనవచ్చునా?" అనే శీర్షికకు ఇంత చక్కని ఉదాహరణ దొరకడం అరుదు. ఇందులో ఎవరి భక్తికీ అవమానం లేదు, ఎవరి తర్కానికీ అడ్డు లేదు.

మూడవది ఉద్దానం. ఇది మొదటి రెండింటివంటిది కాదు. ఇక్కడ మనుషుల ప్రాణాలు ఉన్నవి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాలలోని కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కూల్చింది. దాని కారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసేవారి ఒంటిలో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అని అనుమానాలు అనేకం ఉన్నవి. పోటీలలో కనిపించే శీర్షిక మాత్రం "కలుషిత జలం: ఉద్దానం కిడ్నీ వ్యాధి" అనే తీరులో ఉంటుంది. శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చని సంగతిని ఆ శీర్షిక రెండు మాటలలో తేల్చివేసింది. విద్యార్థికి మిగిలినది దానికి సాక్ష్యం కూర్చడమే. నీరు తప్ప మరొక కారణం అతని కంట పడినా అతడు దానిని పక్కకు నెట్టుతాడు. ఇట్లాంటి శీర్షిక తప్పు నేర్పుతుంది.

"ఉద్దానం వ్యాధికి కారణం ఏమిటి?" అని అడిగితే? ప్రశ్న నిజాయితీ గలదే కాని పదవ తరగతి పిల్లవాని చేతికి అందదు. అతనికి అందేది ఒక మెట్టు కిందనున్నది: "కారణాన్ని కనుగొన్నామని ఎప్పుడు చెప్పవచ్చు?" ఒకే బావి నీరు త్రాగిన రెండు ఇళ్ళలో ఒక ఇంట వ్యాధి వచ్చి, రెండవ ఇంట రాకపోతే ఏమి తేలుతుంది? మూత్రపిండాలు చాలావరకు చెడేదాకా రోగికి ఏ బాధా తెలియదు, రక్తంలో క్రియాటినిన్ కొలిస్తేనే తెలుస్తుంది. అట్లాగైతే "పోయిన ఏటి నుంచే జబ్బు" అని రోగి చెప్పిన మాట విలువ ఎంత? శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులలోను, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలలోను ఇట్లాంటి వ్యాధే కనిపించింది. ఆ పోలిక ఎంతవరకు పనికివస్తుంది? ఈ ప్రశ్నలకు ప్రయోగశాల అక్కరలేదు. ఆలోచన చాలు.

ఇంకా పదునైన శీర్షిక మరొకటి ఉన్నది: "కారణం పూర్తిగా తేలకముందే పనికి దిగడానికి ఎంత ఆధారం చాలు?" 1854లో లండనులో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు ఒక వీధిపంపు చుట్టూ గుమిగూడినట్లు చూపి దాని పిడి తీయించాడు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించి లోకాన్ని ఒప్పించడానికి ఇంకా ముప్పై ఏళ్ళు పట్టింది. ఉద్దానానికి హిరమండలం వంశధార జలాశయం నుంచి 700 కోట్ల రూపాయలతో మంచినీటి పథకం కట్టారు. 2023 డిసెంబరులో దానిని, పలాసలో 200 పడకల ఆసుపత్రితోపాటు, ప్రారంభించారు. నీరే కారణమని రుజువైన తరువాతనే గొట్టాలు వేయాలంటే ఎన్ని ఏళ్ళు ఆగవలెను? రుజువు కాకముందే నీటితో పని ఐపోయిందనుకొని మిగతా కారణాలను వెదకడం మానితే ఎవరికి నష్టం? ఈ రెండు ప్రశ్నలలో దేనినీ తేలికగా త్రోసివేయడానికి వీలులేదు. విద్యార్థి ఒకవైపు వాదన మొదలుపెట్టి రెండవవైపు బలాన్ని చూచి ఆగవలసి వస్తుంది. ఆగిన ఆ చోటనే వ్యాసం ప్రారంభమౌతుంది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. జ్ఞానం, సత్యం, నిశ్చయం వంటి విశాలమైన శీర్షికలను పరీక్షా సంస్థలే ఇస్తున్నప్పుడు వాటిని ఊరి సంగతులతో ముడిపెట్టడం ఇరుకుతనం కాదా అని. విశాలమైన శీర్షిక తప్పు కాదు. దానిని గెలీలియో, న్యూటన్ల అరువు కథలతో నింపడమే చిక్కు. ఆ కథలను విద్యార్థి పుస్తకం మాట మీద నమ్మాడే కాని పరీక్షించి ఎరుగడు. బొబ్బిలి కోట, అరసవల్లి గుడి, ఉద్దానం బావి అతడు వెళ్ళి చూడగలిగినవి, పెద్దలను అడగగలిగినవి. అయితే ఊరి పేరు ఉన్నంత మాత్రాన శీర్షిక మంచిది కాదు. "ఉద్దానం సమస్య" అనేది ఊరి పేరున్న శీర్షికే, కాని అందులో ప్రశ్న లేదు.

శీర్షికను నల్లబల్ల మీద వ్రాయడానికి ముందు ఉపాధ్యాయుడు చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. దానికి రాగల సమాధానాలను రెండు వాక్యాలలో, రెండు వైపుల నుంచి, తానే ఒక కాగితం మీద వ్రాసి చూడవలెను. రెండవ వాక్యం వ్రాయడానికి కలం ఆడకపోతే ఆ శీర్షిక సమాధానాన్ని ముందే మింగివేసినదన్నమాట. రెండు వాక్యాలూ వ్రాసి, వాటిలో ఏది నిజమో చెప్పడానికి తానే కొంచెం తటపటాయిస్తే, ఆ శీర్షికను తరగతికి ఇవ్వవచ్చు.