సులేమాన్ ఏమీ అడగడు

తెలుగులో డిటెక్టివ్ అంటే మొదట ప్రశ్న. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను అద్దె లైబ్రరీలో తెచ్చుకుని చదివిన రోజుల నుంచీ మాకు తెలిసింది అదే. చందు మొండేటి 2014లో తీసిన 'కార్తికేయ' ఆ వరసలోదే. సుబ్రహ్మణ్యపురం గుడి మూతబడింది. దాని జోలికెళ్లినవాళ్లు పాముకాటుకు పోతున్నారు. ఊరంతా దేవుడి కోపమని వణుకుతుంటే ఒక వైద్య విద్యార్థి 'ఎట్లా?' అని అడిగాడు. చివరికి పాము వెనక మనిషి చెయ్యే దొరికింది. గుడికి చేటు రాలేదు, భక్తికీ రాలేదు. మేమూ చప్పట్లు కొట్టాం. దర్గాలో చాదర్ కప్పే ఇళ్లలో పుట్టినవాళ్లం, మహిమలూ తెలుసు, మహిమల చాటు బేరాలూ తెలుసు.

2022 ఆగస్టు 13న 'కార్తికేయ 2' వచ్చింది. ఆస్పత్రిలో హోమానికి ఎదురు తిరిగిన డాక్టరుగానే నిఖిల్ మొదలవుతాడు. తల్లి మొక్కు కోసం ద్వారక వెళ్తాడు. అక్కణ్ణుంచి కృష్ణుడి కాలి కడియం కోసం వేట. కలియుగం కష్టాలన్నిటికీ మందు అందులో ఉందట. వేట బాగానే ఉంటుంది, విసుగు పుట్టదు. కానీ అనుపమ్ ఖేర్ ధన్వంతరిగా వచ్చి కృష్ణుడు పురాణం కాదు, చరిత్ర అని ఉపన్యాసం ఇవ్వగానే మన డిటెక్టివ్ నోరు మూతబడుతుంది. పాము దగ్గర 'ఎట్లా' అన్నవాడు ఇక్కడ 'అవును' అంటాడు. హాళ్లలో ఎక్కువ చప్పట్లు పడింది ఆ మాటలకే. ఉత్తరాదిలో హిందీ బొమ్మగా విరగబడి ఆడింది. 2022 సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమూ అదే.

కృష్ణుడితో మాకు పేచీ లేదు. ఆయన మీద పాటలు కట్టిన రస్‌ఖాన్ మావాడే, సమాధి మథుర దగ్గర మహావన్‌లో ఉంది. హస్రత్ మొహానీ కృష్ణుడి మీద కవిత్వం రాశాడు. ఈ కథ గోవర్ధనగిరి దాకా వెళ్తుంది, రస్‌ఖాన్ దాకా మాత్రం వెళ్లదు. నమ్మకంగా ఉన్నప్పుడు కృష్ణుడిలో అందరికీ చోటుంది. 'మన చరిత్ర' అనగానే ఆ 'మన'లో ఎవరున్నారో లెక్క మొదలవుతుంది.

ఆ లెక్కలో మాకు సులేమాన్‌ను ఇచ్చారు. వైవా హర్ష వేసిన పాత్ర. బండి నడుపుతాడు, నవ్విస్తాడు, నమ్మకంగా ఉంటాడు. విలన్‌ని చెయ్యలేదు కదా, సంతోషించండి అంటారు మిత్రులు. సంతోషమే. కానీ అంత దూరం తోడొచ్చిన మనిషికి సొంతంగా ఒక్క ప్రశ్న ఉండదా? దొరికేదాంట్లో మావాళ్ల పేరు ఎక్కడైనా ఉందా భాయ్ అని ఒక్కసారైనా అడగడా? మంచి ముస్లిం అంటే అడగని ముస్లిం అని ఎవరూ మాకు నోటితో చెప్పరు. స్టీరింగ్ చేతికిచ్చి చెబుతారు.

ద్వారక నుంచి కాస్త దూరంలో సముద్రంలో బేట్ ద్వారక ఉంది. కృష్ణుడి గుడీ ఉంది, హాజీ కిర్మానీ దర్గా కూడా ఉంది, ముస్లిం జాలర్ల ఇళ్లూ ఉన్నాయి. సినిమా విడుదలైన రెండు నెలల్లోపే, 2022 అక్టోబరులో, ఆక్రమణలంటూ అక్కడికి ప్రభుత్వ బుల్‌డోజర్లు వచ్చాయి. కూలినవాటిలో మజార్లూ ఉన్నాయి. సినిమా వల్ల కూలాయని మేం అనడం లేదు. నేల కింది ద్వారక కోసం వెతికే కళ్లకు నేల మీది ద్వారక ఎందుకు ఆనదని అడుగుతున్నాం.

కాజీపల్లి మందుల ఫ్యాక్టరీల మధ్య నిలబడి చూస్తే ఈ డాక్టరు డిటెక్టివ్ మరీ దూరంగా కనిపిస్తాడు. పేరులోనే కాజీ ఉన్న ఊరు ఇది. తీర్పు చెప్పేవాడి పేరు. ఈ పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో రాశారు. మందే విషమైన చోటు. మొదటి సినిమాలోని కుర్రాడైతే ఇక్కడ బండి దిగి, చెరువు గట్టున నిలబడి 'ఎట్లా?' అనేవాడు. రెండోవాడు కడియం కోసం పోతున్నాడు. సులేమాన్ గేరు మారుస్తున్నాడు.