అరటి బోదె ఉండగా ఫోమ్ ఎందుకు?

పెళ్ళి స్టేజి మీద గులాబీలు, జెర్బెరాలు గుత్తులుగా విచ్చుకుని నిలబడతాయే, అక్కడ ఆకులు కాస్త పక్కకి తీసి చూడండి. అడుగున ఇటుకంత ఆకుపచ్చ దిమ్మ కనిపిస్తుంది. పూలపని చేసేవాళ్ళం దాన్ని ఫోమ్ అంటాం. పొడిగా ఉన్నప్పుడు బొత్తిగా బరువుండదు. బకెట్ నీళ్ళ మీద వదిలేస్తే దానంతట అదే నీళ్ళు పీల్చుకుని మునుగుతుంది. తొందరపడి చేత్తో అదిమితే లోపల గాలి చిక్కుకుంటుంది, అక్కడ గుచ్చిన పువ్వు ముహూర్తం దాకా ఆగదు. కాడని ఎటు వంచి గుచ్చినా కదలదు కాబట్టే, 1954లో అమెరికాలో వెర్నాన్ స్మిదర్స్ తయారుచేసిన ఈ సరుకు దేశదేశాలకీ పాకింది.

పెళ్ళయ్యాకే దీనితో చిక్కు. ఇది ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన ప్లాస్టిక్. ఒకసారి తూట్లు పడితే రెండోసారికి పట్టు ఉండదు. వేళ్ళతో నలిపితే పొడైపోతుంది, ఆ పొడి మట్టిలో కలవదు. బకెట్ కాలవలో పారబోసినప్పుడల్లా అదీ నీళ్ళతో పోతుంది. నీళ్ళలోని చిన్న ప్రాణులు దాన్ని తింటున్నాయనీ, అందులోంచి ఊరే రసాయనాలు వాటికి చేటు చేస్తాయనీ ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో ఫోమ్ వాడకూడదంది. పేరు మోసిన చెల్సీ ఫ్లవర్ షో కూడా అందులో ఉంది. అక్కడివాళ్ళు కోళ్ళ దొడ్డికి కట్టే ఇనపవల చుట్ట చుట్టి, నీళ్ళ పాత్రలో పెట్టి కాడలు నిలబెడుతున్నారు.

మనకి అంత దూరం కూడా పోనక్కర్లేదు. పూలకి కడియం, గౌతమి దాటితే అరటికి రావులపాలెం. గెల దిగాక చెట్టు ఎలాగూ నరికేస్తారు. ఆ బోదెని జానెడు ముక్కలుగా కోస్తే పొరపొరనా నీళ్ళే. గులాబీ కాడ, చామంతి కాడ ఏటవాలుగా కోసి గుచ్చితే గట్టిగా పట్టుకుంటుంది. రాత్రి కట్టిన స్టేజి పొద్దుటి తలంబ్రాల దాకా చక్కగా ఆగుతుంది. జెర్బెరా కాడ మెత్తన, దానికి మాత్రం ముందు పుల్లతో దారి చెయ్యాలి. కోసిన ముక్కల్ని కాసేపు బోర్లించి జిగురు కారనివ్వాలి, ఆ మరక పట్టుబట్టకి అంటితే ఇక వదలదు. ఫోమ్‌తో పోలిస్తే పని ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ పని తెలిసిన చేతికి అదేమంత భారం కాదు. మర్నాడు ముక్కలన్నీ ఎరువు గుంటలోకి పోతాయి, లేదా పశువుల ముందుకి.

అదే చెట్టు దొప్పల్లోంచి నార వస్తుంది. సన్నగా చీల్చి ఎండబెట్టి, కట్టే ముందు తడిపితే వేలికి చుట్టుకునేంత మెత్తనవుతుంది. కనకాంబరం కాడ చాలా సున్నితం, నైలాన్ దారం బిగిస్తే తెగిపోతుంది. నార ముడి దాన్ని కోయకుండా పట్టుకుంటుంది. నారతో కట్టిన దండ మొత్తంగా ఎరువైపోతుంది. దారం, మెరుపు రిబ్బను, థర్మకోల్ పూసలు కలిపిన దండని ఎవరో ఒకరు కూర్చుని విప్పాలి. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయించడం మొదలుపెట్టింది, మంచి పని. అయితే ఎక్కడైనా సరే, వాడిన పువ్వు మళ్ళీ అక్కరకి రావాలంటే దండ కట్టేటప్పుడే ఆ ఆలోచన ఉండాలి.

పూల ఎంపిక గురించీ ఒక మాట. మాఘమాసం పెళ్ళికి బంతి, చామంతి దగ్గర్లోనే దొరుకుతాయి, వేసవిలో మల్లెలు. విమానమెక్కి వచ్చే థాయ్ ఆర్కిడ్లు లేకపోతే స్టేజికి వెలితి అనుకోవడం నాకు నచ్చదు.

నాకింకా తేలనివి పైనుంచి వేలాడదీసే గుత్తులు. బోదె బరువు, పందిరి కమ్మీలు వంగుతాయి. ప్రస్తుతానికి ఒక్కో కాడకీ నీళ్ళు పోసిన చిన్న గాజు గొట్టం తొడిగి, పని అయ్యాక కడిగి దాచుకుంటున్నాం. ఇంతకన్నా తేలిక దారి తెలిసినవాళ్ళుంటే రాయండి, పై ముహూర్తాలకి చేసి చూస్తాను.