ఇంకో ముక్క

మొన్న ఆదివారం మా మనవడు జేబులోంచి ఒక ఇనపముక్క తీసి నా చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఆరువైపులా ఆకురాయితో రాకి నునుపు చేశాడు. వాడి అరచేతుల్లో బొబ్బలు. టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమాలో చేరి రెండు నెలలైనా కాలేదు. ఉద్యోగం మానేసి జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో కూర్చున్న నాకు ఆ బొబ్బలు చూస్తే నా కుర్రతనం గుర్తొచ్చింది.

డై అంటే తెలియనివాళ్లు జంతికల గొట్టంలోని బిళ్లను తలుచుకోండి. దాని చిల్లు వంకరైతే మూకుడులో పడే జంతికలన్నీ వంకరే. లారీకి బిగించే రేకుముక్క సంగతీ అంతే. కింద డై, పైన పంచ్, నడుమ రేకు. రెండు మిల్లీమీటర్ల రేకు కోయాలంటే పంచ్ చుట్టూ ఒక్కోవైపు మిల్లీమీటరులో పదోవంతు నుంచి ఐదోవంతు దాకా సందు వదలాలి. అంటే రెండు మూడు వెంట్రుకల మందం. సందు తగ్గితే పంచ్ త్వరగా అరిగిపోతుంది. పెరిగితే కోసిన అంచున ముళ్లు లేస్తాయి. మామూలు పనిలో తప్పు ఒక ముక్కతో పోతుంది. డైలో చేసిన తప్పు లక్ష ముక్కల మీద అచ్చుపడుతుంది.

నేను ఈ పని నేర్చింది ఖర్కాయి నది అవతల, ఆదిత్యపూర్‌లో ఒక చిన్న షాపులో. అక్కడి మిస్త్రీ గొప్ప పనిమంతుడు. కానీ కొలత తీసేటప్పుడు మావైపు వీపు తిప్పేసేవాడు. సందు ఎంత వదలాలని అడిగితే "దేఖ్‌తే రహో" అనేవాడు. చూస్తూనే ఉన్నాను, ఆయన వీపుని. ఆయన రాని ఒకరోజు ధైర్యం చేసి గ్రైండింగ్ మెషీన్ మీద పంచ్‌ని అవసరానికి మించి అరగదీశాను. యజమాని తిట్టలేదు. జీతంలో కోశాడు. ఏడాదిపాటు ఆ మెషీన్ దగ్గరికి రానివ్వలేదు. ఆయన్ని తప్పుపట్టలేను. టూల్ స్టీలు ఖరీదు, ఆర్డరు గడువు, బ్యాంకు వడ్డీ, మూడూ ఆయన నెత్తినే ఉన్నాయి. నా చదువు ఖర్చు కూడా మోయమంటే ఎలా?

1912లో ఇక్కడి టాటా ఉక్కు కర్మాగారంలో మొదటి ఉక్కుదిమ్మ తయారైంది. 1921 నాటికే ఊళ్లో టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. 1945లో టెల్కో కంపెనీ వచ్చింది. పెద్ద కంపెనీలకు సొంత బడులున్నాయి. వాటికి విడిభాగాలు చేసిపెట్టే పదిమంది పనివాళ్ల షాపుకి బడి ఎక్కడిది? 1991లో డెన్మార్క్ ప్రభుత్వ సాయంతో కేంద్రం నెలకొల్పిన ఇండో డేనిష్ టూల్ రూమ్ ఆ లోటు తీర్చడానికి వచ్చిందే. బారిడీహ్ నుంచి మనవడు అక్కడికి వెళ్లాలంటే ఊరు ఈ కొసనుంచి ఆ కొసకి దాటి, ఖర్కాయి వంతెన ఎక్కి, ఆదిత్యపూర్ మీదుగా గమ్హరియా చేరాలి. ఆ టూల్ రూమ్ ఒక సొసైటీ. లాభం పంచుకునే వాటాదారులు లేరు. చిన్న షాపులు కొనలేని వైర్‌కట్, సీఎన్‌సీ యంత్రాలు అలాంటిచోట ఉంటాయి. డ్రాయింగు ఇచ్చి, కూలి కట్టి డై చేయించుకోవచ్చు. ఆ కప్పు కిందే పిల్లలకు శిక్షణ. మన హైదరాబాదు బాలానగర్‌లో 1968లో పుట్టిన టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీదీ ఇదే తోవ. అచ్యుతాపురం దగ్గర పూడిలో వచ్చిన టెక్నాలజీ సెంటరుదీ అదే.

ఇలాంటి చోటుకు వెళ్లినవాళ్లు యంత్రాలను చూసి మెచ్చుకుంటారు. నన్నడిగితే మెచ్చుకోవాల్సింది తుక్కుడబ్బాని. అందులో పిల్లలు పాడుచేసిన ముక్కలుంటాయి. ఒక్క షాపు మోయలేని ఆ నష్టాన్ని అందరి తరఫునా మోయడానికే లాభాపేక్ష లేని సంస్థ కావాలి. సంస్థ గొప్పతనాన్ని ఆర్డర్ల రాబడితోనే కొలవడం మొదలుపెడితే ముందు చిక్కిపోయేది ఆ డబ్బానే. పిల్లవాడు మళ్లీ మిస్త్రీ వీపు చూస్తూ నిలబడతాడు.

"ఇక్కడ నేర్చుకుని పుణె, చెన్నై పోతారు, మాకేం మిగిలింది?" అని చిన్న షాపులవాళ్లు అంటుంటారు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్‌లో రైలు దిగిన మనిషి. ఆ మాట నేనెలా అనగలను? చేనుకు పెట్టిన నీరు గట్టు కిందనుంచి పక్కచేలోకీ ఊరుతుంది. అందుకని నీరు పెట్టడం మానుకోం కదా.

మనవడి ముక్కకు నా పాత మూలమట్టం ఆనించి కిటికీకెదురుగా పట్టుకున్నాను. మూడు మూలలు బాగున్నాయి. నాలుగోదాని దగ్గర సన్నగా వెలుతురు గీత.

"ఇక్కడ వెలుతురు దూరుతోందిరా."

"సార్ కూడా అదే అన్నారు తాతయ్యా."

"తిట్టారా?"

"లేదు. ఇంకో ముక్క ఇచ్చారు."