కొమురం భీం నవల: శీలపరిణామము

కష్టములు మనుజుని రాటుదేల్చునని లోకము చెప్పును. కాని కష్టమొక్కటే చాలునా? అల్లం రాజయ్య, సాహు గార్లు కలిసి రచింపగా 1983లో వెలువడిన "కొమురం భీం" నవలను ఈ ప్రశ్నతో చదువవలెను.

ఆదిలాబాదు అడవులలో సంకెపల్లియందు పుట్టిన గోండుబాలుడు తండ్రిని కోల్పోయి, తనవారితో సుర్దాపూరునకు వలసపోయెను. అచట వారు సాగుచేసిన భూమి తనదని సిద్దీఖు అనువాడు పైకి రాగా, భీము వానిని కొట్టి చంపి పారిపోయెను. కష్టము చేయించిన పని యింతే. అది ఆగ్రహము నిచ్చినది గాని త్రోవ చూపలేదు.

త్రోవ చూపినది స్నేహము. చాందాలో అచ్చుపని చేయు విఠోబా అతనిని చేరదీసి అక్షరములు నేర్పెను. ఏకలవ్యుని ద్రోణుడు కాదనెను. ఈ అడవిబిడ్డను విఠోబా తనవానిగా చేసికొనెను. ఆయన చెరపాలైన పిదప భీము అస్సాము తేయాకు తోటలలో కూలిపని చేసి, తోడికూలీల బ్రతుకులలో తనవారి వెతలనే చూచెను. తిరిగివచ్చినవాడు వెనుకటి భీము కాడు. మునుపు తన చేనికొరకు కర్ర యెత్తినవాడు, పండ్రెండు గూడెముల హక్కుకొరకు నిలిచి, విన్నపముతో హైదరాబాదు వరకు పోయెను. నిజాము దర్శనమే దొరకలేదు. పిమ్మటి పోరు పగతీర్చుకొను పోరు కాదు. ఈ మార్పు ఒక్కనాటిది కాక యేండ్ల తరబడి మెల్లగా జరుగుటచేతనే నమ్మదగియున్నది.

1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన వీరుని మన పిల్లలకు చూపుచున్నాము. అక్షరములు దిద్దుకొనిన ఆ యువకుని కూడ చూపవలదా? వీరుని పొగడుట సులభము. దిక్కులేని పిల్లవానికి విఠోబా యగుట కష్టము.