ముందువాడి వెనక చక్రం

మోటార్‌సైకిల్ రేసుల (మోటోజీపీ) అభిమానులు ఇద్దరు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి గొడవల దగ్గరికే వస్తుంది. 2001లో సుజుకాలో మాక్స్ బియాజీ విసిరిన మోచేయి, దానికి జవాబుగా వాలెంటినో రోసీ చూపిన వేలు. 2005లో హెరెస్ ఆఖరి మలుపులో సెటే జిబర్నావ్ లోపలి పక్కకు రోసీ దూరిన తీరు. 2015లో సెపాంగ్‌లో మార్క్ మార్కెజ్ పడిపోవడం. తప్పెవరిదన్న వాదన ఏళ్లు గడిచినా తెగదు, తెగాలని అభిమానులకూ లేదు. అయితే ఆ రచ్చలో ఒక సంగతి మరుగున పడిపోతోంది. ఈ క్రీడలో విద్య ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరేది ఎక్కువగా ఈ వైరాల దారినే. తాలింఖానాలో పట్టు నేర్పడానికి ఉస్తాదు ఉంటాడు; పట్టి చూపిస్తాడు, తప్పితే చెయ్యి సరిచేస్తాడు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి పక్కన నిలబడి సరిదిద్దేవాడెవడూ ఉండడు. అక్కడ పాఠం చెప్పేది ముందు పోతున్న ప్రత్యర్థి బండి వెనక చక్రం.

ఆ చక్రం ఏం చెబుతుందో తెలియాలంటే మలుపు ఎలా తిరుగుతారో కాస్త చూడాలి. ఇటలీలోని ముజెల్లో ట్రాక్‌లో 2023లో బ్రాడ్ బైండర్ బండి 366.1 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ సూటి దారి అయిపోగానే వచ్చే సాన్ డొనాటో మలుపుకి వేగాన్ని సుమారు వందకు దించాలి, అదీ కొన్ని సెకన్లలో. కొత్తవాడు బ్రేక్ వదిలేశాక బండి వంచుతాడు. చెయ్యి తిరిగినవాడు బ్రేక్ పట్టుకునే వంచుతాడు. వంపు పెరిగేకొద్దీ వేలి ఒత్తిడి పిసరంత పిసరంత సడలిస్తాడు. ఆ క్షణాన బరువంతా ముందు టైరు మీదే ఉంటుంది. ఒత్తిడి కొంచెం ఎక్కువైతే చక్రం జారి బండి కింద పడుతుంది, కొంచెం ముందే వదిలితే వెనకవాడు లోపలి పక్కనుంచి దూరిపోతాడు. ముందు చక్రం జారడం మొదలైనా మోచేతితో, మోకాలితో నేలను నెట్టి బండిని నిలబెట్టుకోవడం మార్కెజ్‌కి పేరు తెచ్చిన విద్య. టైరు ఎప్పుడు జారబోతోందో పసిగట్టే శక్తి పుట్టుకతో వచ్చేదే అనుకుందాం. ఎంత ఆలస్యంగా బ్రేక్ పట్టొచ్చో మాత్రం ట్రాక్ మీద ఒంటరిగా తిరిగేవాడికి తెలియదు. ఇక ఆగాల్సిందే అని తాను అనుకున్న చోట ముందువాడు ఇంకా బ్రేక్ ముట్టుకోకపోతే, తన హద్దు ఎంత తక్కువలో ఉందో అప్పుడు తెలుస్తుంది. సెన్సర్లు ఆ సంగతిని సాయంత్రం అంకెల్లో చూపిస్తాయి. పక్కన ఇంకో బండి ఉండగా అదే పని చేసే తెగువను మాత్రం అవి ఇవ్వలేవు.

చరిత్రలో దీనికి పాత ఆధారమే ఉంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1949లో మొదలైంది. 1978లో కెన్నీ రాబర్ట్స్ అప్పటి అగ్రశ్రేణి అయిన 500 సీసీ టైటిల్ గెలిచిన మొదటి అమెరికన్ అయ్యాడు. అతను అమెరికా మట్టి ట్రాకుల మీద ఎదిగినవాడు. వెనక చక్రం జారుతూ ఉండటమే అక్కడ సహజం. జారుడంటే ప్రమాదమని నమ్మే యూరప్ రైడర్ల మధ్యకు వచ్చి, దాన్ని థ్రాటిల్‌తో అదుపులో పెట్టి మలుపు తిప్పవచ్చని చూపించాడు. 1983లో అతనికి ఎదురు నిలిచిన ఫ్రెడీ స్పెన్సర్‌కి 21 ఏళ్లు, అతనూ మట్టి ట్రాకుల బిడ్డే. ఆ ఏడాది 12 రేసులు జరిగితే ఆరు ఒకరివి, ఆరు ఇంకొకరివి. చివరికి ముందటి రేసు స్వీడన్‌లో. ఆఖరి ల్యాప్‌లో స్పెన్సర్ లోపలి పక్కనుంచి ఆలస్యంగా బ్రేక్ పట్టి దూరాడు, ఇద్దరూ ట్రాక్ అంచు దాటారు, ముందుగా తేరుకున్నవాడు స్పెన్సర్. సీజన్ ముగిసేసరికి తేడా రెండే పాయింట్లు. రాబర్ట్స్ తెచ్చిన శైలికి ఇంకొంచెం పదును పెట్టి రాబర్ట్స్‌నే ఓడించాడు. అతి పిన్న వయసు ఛాంపియన్‌గా స్పెన్సర్ నెలకొల్పిన రికార్డు 30 ఏళ్లు నిలిచింది. 2013లో దాన్ని 20 ఏళ్ల మార్కెజ్ చెరిపేశాడు.

2008లో లగునా సెకాలో జరిగింది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అంతకు ముందు వరుసగా మూడు రేసులు గెలిచిన కేసీ స్టోనర్, ఆ వారాంతమంతా అందరికంటే వేగంగా ఉన్నాడు. ఒంటరిగా వదిలితే అతణ్ని పట్టడం కుదరదని రోసీకి తెలుసు. అందుకే వేగంతో కాకుండా స్థానంతో ఆడాడు. స్టోనర్ ఏ సూటి దారిలో ముందుకు వెళ్లినా వెంటనే వచ్చే మలుపులో లోపలి జాగా ఆక్రమించి, అతని లయను ల్యాప్ తర్వాత ల్యాప్ చెడగొట్టాడు. కార్క్‌స్క్రూ అనే చోట ట్రాక్ ఒక్కసారిగా కొండ దిగి మెలికలు తిరుగుతుంది. అక్కడ రోసీ లోపలి పక్కనుంచి దూరి, అంచు దాటి మట్టిలోకి పోయి, తిరిగి స్టోనర్ ముందే తేలాడు. తర్వాత స్టోనర్ ఒక మలుపులో కంకరలోకి వెళ్లి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు, తర్వాతి రెండు రేసుల్లో పడిపోయాడు, టైటిల్ రోసీది. ఐదేళ్లకు మార్కెజ్ మొదటిసారి లగునా సెకాకి వచ్చాడు. అదే కార్క్‌స్క్రూలో, అదే మట్టి మీదుగా దాటాడు, దాటించుకున్నవాడు రోసీ. రేస్ కూడా మార్కెజ్‌దే. దాన్ని వేళాకోళమని కొందరన్నారు. నా లెక్కలో అది పాఠం అప్పజెప్పడం.

విద్య పెద్దవాడి నుంచి చిన్నవాడికే వెళ్తుందని అనుకుంటాం. ఈ ఆటలో అది ఎదురు కూడా ఎక్కింది. 2011, 2012 సీజన్లలో డుకాటీ మీద ఒక్క రేసూ గెలవలేక రోసీ యమహాకి తిరిగొచ్చేసరికి ఆట మారిపోయింది. మార్కెజ్ మోచేయి నేలకు రాసేలా బండి వంచుతున్నాడు, శరీరాన్ని బండి పక్కకు పూర్తిగా వేలాడదీస్తున్నాడు. ఏడు అగ్రశ్రేణి టైటిళ్లు గెలిచిన మనిషి 34 ఏళ్లు దాటాక కూర్చునే తీరు మార్చుకున్నాడు. ఎన్నో ఏళ్లు తనతో నడిచిన ఇంజినీరు జెరెమీ బర్జెస్‌ని కూడా మార్చాడు. 2014లో ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం, 2015లో ఐదు పాయింట్లలో చేజారిన టైటిల్. తనను ఓడించినవాడి తీరు చూసి నేర్చుకోవడం ఆ వయసులో ఎంతమంది చేస్తారో చెప్పలేం.

ఇక కుర్రాళ్లు ఇంత తొందరగా ఎలా పైకొస్తున్నారన్న ప్రశ్న. 2007లో మొదలైన రెడ్ బుల్ రూకీస్ కప్‌లో అందరికీ ఒకే తరహా బండి ఇస్తారు, కనుక తేడా అంతా మనిషిలోనే. మోటోజీపీకి కింది తరగతి అయిన మోటో3లో డజను మందికి పైగా ఒక్క సెకను లోపల గుంపుగా పోవడం మామూలు. ఒకడి వెనక గాలి చాటున వేగం పుంజుకుని సూటి దారి చివర ముగ్గుర్ని దాటడం, మరుసటి మలుపులో నలుగురికి స్థానం పోగొట్టుకోవడం. (అర్హత ల్యాపుల్లోనూ ముందువాడి గాలి చాటు కోసం దారిలో తచ్చాడి శిక్షలు తింటుంటారు, పాఠం అంత బాగా ఒంటబట్టిందన్నమాట.) 2020లో ఆ కప్ గెలిచిన పెడ్రో అకోస్టా, మరుసటి ఏడాది తన రెండో గ్రాండ్ ప్రీలోనే పిట్ లేన్ నుంచి, అంటే అందరికంటే వెనకనుంచి బయల్దేరి గెలిచాడు, ఆ సీజన్‌లోనే మోటో3 ఛాంపియన్ అయ్యాడు. 2025లో ఇండోనేషియాలో గెలిచిన ఫెర్మిన్ అల్దెగెర్ 20 ఏళ్లకే మోటోజీపీ విజేత. అతనికంటే చిన్న వయసులో గెలిచినవాడు మార్కెజ్ ఒక్కడే. ఇంకోవైపు ఇటలీలో రోసీ తన ఊరు తవుల్లియాలో మట్టి ట్రాక్ కట్టి కుర్రాళ్లతో పోటీ పడుతూ వచ్చాడు. 2014లో మొదలైన అతని అకాడమీ నుంచి వచ్చిన ఫ్రాంకో మోర్బిడెల్లి 2020లో ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిస్తే, రోసీకి దక్కింది 15వ స్థానం. ఫ్రాంచెస్కో బన్యాయా 2022, 2023 టైటిళ్లు గెలిచాడు. దీన్ని గురుశిష్య బంధమని చెప్పి నా వాదన కొట్టేయవచ్చు. అక్కడ నేర్పే పద్ధతేమో తోటివాణ్ని ఓడించమనడమే. 2025లో మొదటి రెండు స్థానాలూ మార్క్, అలెక్స్ మార్కెజ్‌లవి. ఇంట్లోనే ప్రత్యర్థి ఉంటే ఏమవుతుందో అన్నదమ్ములిద్దరూ చూపించారు.

ఇదంతా బండి మహిమే కదా, రైడర్ల గొప్పేముంది అనేవారు చాలామంది. కొంతవరకు నిజమే, చెత్త బండితో ఎవరూ ఛాంపియన్ కాలేరు. కానీ 2010లో డుకాటీ మీద స్టోనర్ మూడు రేసులు గెలిచాడు. మరుసటి ఏడాది ఆ సీటులోకి వచ్చిన రోసీకి రెండేళ్లలో ఒక్కటీ దక్కలేదు. 2025లో ఒకే డుకాటీ ఫ్యాక్టరీ జట్టులో మార్కెజ్ 11 గ్రాండ్ ప్రీలు గెలిచి సెప్టెంబరులో మోటెగీలోనే టైటిల్ ఖాయం చేసుకుంటే, అంతకు ముందు రెండుసార్లు ఛాంపియన్ అయిన బన్యాయా రెండింటితో ఆగాడు. డుకాటీ రైడర్ల డేటా ఒకరిది ఒకరికి కనిపిస్తుంది, కాబట్టి రహస్యాలు దాచారనడానికీ లేదు. ఆ పద్ధతే 2024లో అప్పట్లో డుకాటీ బండ్లు నడిపిన ప్రమాక్ జట్టు కుర్రాడు హోర్హే మార్టిన్‌కి ఫ్యాక్టరీ రైడర్ బన్యాయానే పది పాయింట్ల తేడాతో ఓడించే అవకాశం ఇచ్చింది. యంత్రం మీద నాకున్న అభ్యంతరం వేరు. రెక్కలు, ఎత్తు తగ్గించే పరికరాలు పెరిగాక ముందు బండి వదిలే గాలి వెనకవాడి ముందు టైరును వేడెక్కించి, అందులో ఒత్తిడి పెంచుతోంది. దగ్గరగా వెంటాడటమే కష్టమైంది. వెంటాడలేనివాడు నేర్చుకోలేడు. 2027 నుంచి ఇంజిన్లను 850 సీసీకి తగ్గించి, ఆ ఎత్తు పరికరాలను నిషేధించి, రెక్కలను కుదించాలని నిర్వాహకులు తీర్మానించడం సరైన పనే.

వైరం పగగా మారితే ఏమవుతుందన్నదానికి 2015 సెపాంగ్ జవాబు. టైటిల్ కోసం తనతో పోటీపడుతున్న లొరెంజోకి సాయం చేస్తున్నావని రేసుకు ముందే రోసీ బహిరంగంగా మార్కెజ్‌ని నిందించాడు. రేసులో ఇద్దరూ ఒకర్నొకరు పదే పదే దాటుకుంటుంటే ముందున్న పెడ్రోసా, లొరెంజో హాయిగా వెళ్లిపోయారు. రోసీతో తగిలి మార్కెజ్ పడ్డాడు, శిక్షగా రోసీ ఆఖరి రేసు చిట్టచివరి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడ ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, ఇద్దరి కళ్లూ ముందు చక్రాన్ని వదిలి పక్కవాడి మీదే నిలిచాయి. ఆ ఒక్క రోజు కోసం మొత్తం సంప్రదాయాన్ని తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు. శిక్ష వేయాల్సింది రేస్ డైరెక్షన్, వేసింది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పిల్లల ప్రాణాల గురించి. దీనికి తేలికపాటి జవాబు లేదు. 2021లో ఒక్క ఏడాదిలోనే 19 ఏళ్ల జేసన్ డుపాస్కియే, 14 ఏళ్ల హ్యూగో మిలాన్, 15 ఏళ్ల డీన్ బెర్టా వినాలెస్ ట్రాక్ ప్రమాదాల్లో చనిపోయారు. అంత వేగంలో గుంపుగా పోయేటప్పుడు పడినవాణ్ని వెనకవాడు తప్పించలేడు. నేను గురువంటున్న గుంపే యముడు కూడా అయిందని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే గ్రాండ్ ప్రీలకు కనీస వయసును, కొన్ని మినహాయింపులతో, 2023 నుంచి 18 ఏళ్లు చేశారు. దీనివల్ల ప్రతిభ వాడిపోతుందని కంగారుపడేవారు ఫాబియో క్వార్టరారో కథ చూడాలి. అతని కోసమే అన్నట్టు వయసు నియమం సడలించి 2015లో 15 ఏళ్లకే మోటో3లోకి తెచ్చారు. అక్కడ ఒక్క రేసూ గెలవలేదు. మొదటి విజయం 2018లో మోటో2లో, ప్రపంచ టైటిల్ 2021లో. బన్యాయా మోటోజీపీలో మొదటి రేసు గెలిచేసరికి అతనికి 24 ఏళ్లు. రెండు మూడేళ్లు ఆగితే పోయే విద్య కాదిది.

ఇక మన దేశం సంగతి. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో భారత్ గ్రాండ్ ప్రీ జరిగింది, మార్కో బెజ్జెకీ గెలిచాడు. తర్వాతి రెండేళ్లూ ఆ రేసు జరగలేదు. ఆ గ్రాండ్ ప్రీకి ముందటి నెలలోనే చెన్నై ట్రాక్ మీద 13 ఏళ్ల బెంగళూరు బాలుడు రేసులో పడి చనిపోయాడు. తెలుగు రాష్ట్రాల్లో ఈ విద్య మీద మనసుపడ్డ కుర్రాళ్లు ఎక్కువగా చెన్నై, కోయంబత్తూరుల దారి పట్టాల్సి వస్తోంది. మనకో మార్కెజ్ ఎప్పుడు పుడతాడని అడిగేవారు, అతనితో సమానంగా పోటీపడే పదిహేను మంది ఎక్కడున్నారని ముందు అడగాలి. క్లబ్బులు, బండ్ల కంపెనీలు చేయాల్సింది వయసుకు తగ్గ చిన్న ఇంజిన్లతో, తక్కువ వేగం ట్రాకుల మీద, వైద్యులు అందుబాటులో ఉండగా పిల్లల రేసులు ఏడాది పొడవునా నడపడం. తల్లిదండ్రులు మాత్రం వాళ్లకు పెద్ద బండి కొనివ్వడానికి 18 ఏళ్లు నిండేదాకా ఆగాలి.