కర్ర వెనక్కి లేచినప్పుడు

ఆలూరు ప్రాంతంలో దసరా రాత్రి అంటే దేవరగట్టు. హొళగుంద మండలంలోని ఆ కొండ మీద మాళమ్మ, మల్లేశ్వరస్వాముల ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు ఇనుప కడియాలు తొడిగిన కర్రలతో తలపడతాయి. తలలు పగులుతాయి. గాయం మీద ఇంత పసుపు అద్దుకుని మళ్లీ గుంపులో దూరతారు.

మర్నాడు పొద్దున ఎవరి కర్ర ఎవరికి ఎటునుంచి తగిలిందో చెప్పమంటే, క్లూస్‌ టీమ్‌ ఏం చెప్పగలదు?

సున్నం కొట్టే మనిషి చేతిని గమనించినవాళ్లకు నెత్తుటి మరకలు చదివే విద్యలో సగం వచ్చినట్టే. కుంచె వెనక్కి ఎత్తినప్పుడల్లా చుక్కలు వరసకట్టి పడతాయి. నెత్తురంటిన కర్రా అంతే. కర్ర మలుపు తిరిగినా, కొసనున్న నెత్తురు తన దారిన తాను పోతుంది. గదిలోనైతే గోడ మీదో కప్పు మీదో చుక్కల గీత మిగులుతుంది. మొదటి దెబ్బకు కర్రకింకా నెత్తురు అంటి ఉండదు గనక, మూడు గీతలు కనిపిస్తే దెబ్బలు కనీసం నాలుగని మామూలు లెక్క.

బొమ్మల్లో గీసే కన్నీటి చుక్క ఆకారం ఉత్తదే. తలతన్యత పట్టి ఉంచడం వల్ల గాలిలో చుక్క గుండ్రంగానే ఉంటుంది. గోడకు సూటిగా తగిలితే గుండ్రటి మరక; ఏటవాలుగా తగిలితే కోడిగుడ్డులా సాగి, తోక తను పోతున్న దిక్కు చూపిస్తుంది. మరక వెడల్పును పొడవుతో భాగిస్తే తగిలిన కోణపు సైన్‌ వస్తుంది. 4 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల పొడవు అయితే 30 డిగ్రీలు. ‘ఇదెందుకు పనికొస్తుంది సార్‌’ అని పదో తరగతి పిల్లలు విసుక్కునే త్రికోణమితే ఇది!

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పాత పద్ధతిలో మరకల నుంచి దారాలు లాగి, అవి కలిసే చోట నెత్తురు పుట్టిందంటారు. కానీ చుక్క దారంలా తిన్నగా రాదు, విసిరిన రాయిలా వంగి వస్తుంది. దాంతో దారాల లెక్క అసలు కన్నా ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. కూర్చున్న మనిషి నిలబడినట్టు తేలవచ్చు. ఆత్మరక్షణా, హత్యా అని తేల్చే కోర్టులో అది చిన్న తేడా కాదు. ఈ విశ్లేషణలో అనిశ్చితి అపారమని అమెరికా జాతీయ సైన్సు అకాడమీ 2009 నివేదికలో ఊరికే అనలేదు.

దేవరగట్టులో ఆ పొరపాటుకైనా అవకాశం లేదు. గోడ లేదు, కప్పు లేదు. చుక్కను మట్టి పీల్చేస్తుంది, దాని మీద వేల పాదాలు. చొక్కా దొరికినా నూలు వెంబడి నెత్తురు పాకి మరక అంచు చెదిరిపోతుంది, పైన పసుపొకటి. ఇటీవలి ఏళ్లలో పోలీసులు అక్కడ సీసీ కెమెరాలు, డ్రోన్లు పెడుతున్నది అందుకే కాబోలు.